బోర్డు కంటే ముందు గది చెబుతుంది



మీరు ఎవరింటికో వెళ్ళారనుకోండి. వీధి తలుపు తీసే ఉంది. గుమ్మం పక్కన ఏడెనిమిది జతల చెప్పులున్నాయి. వాటిలో రెండు జతలు పిల్లలవి. ఒక జత నిండా బురద. ఇంకా ఎవరూ మీకు ఎదురు రాలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా మీకు చాలా సంగతులు తెలిసిపోయాయి. లోపల చుట్టాలున్నారు. పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చారు. ఎవరో పొలం గట్టు మీదుగానో, వాన పడిన దారిలోనో నడిచి వచ్చారు. ఇంకొకటి కూడా తెలిసింది. మీరూ చెప్పులు ఇక్కడే విడవాలి. అలాగని అక్కడ బోర్డు లేదు. బోర్డు అవసరమూ లేదు. ఆ చెప్పులే చెప్పాయి.

ఈ పూట నేను మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే. మనం ఉండే ఇల్లు, పని చేసే ఆఫీసు, వైద్యానికి వెళ్ళే ఆసుపత్రి. వీటి లోపలున్న వస్తువులు మనకు ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి. తలుపు చెబుతుంది. కుర్చీ చెబుతుంది. స్విచ్ బోర్డు చెబుతుంది. కాలి కింద పలక చెబుతుంది. మీరు గుర్తు పెట్టుకోవలసిన మాట ఒకటే. ముందు గది చెబుతుంది, ఆ తరువాతే బోర్డు చెబుతుంది. గది ఒకటి చెప్పి, బోర్డు ఇంకొకటి చెబితే, మనిషి గది మాటే వింటాడు.

ఈ విషయం మీద బాగా ఆలోచించిన వాళ్ళున్నారు. అమెరికాలో చార్లెస్ సాండర్స్ పర్స్ అని ఒక తత్వవేత్త ఉండేవారు. 1839లో పుట్టారు, 1914లో పోయారు. ఒక వస్తువును చూసి మనం ఇంకొక సంగతిని ఎలా తెలుసుకుంటాం? ఈ ప్రశ్న మీద ఆయన ఏళ్ళ తరబడి పనిచేశారు. సంకేతాలను ఎన్నో రకాలుగా విడదీసి చూశారు. మనకు వాటిలో మూడు చాలు. ఒకటి పోలిక. రెండోది జాడ. మూడోది ఒప్పందం. మళ్ళీ చెబుతున్నాను. పోలిక, జాడ, ఒప్పందం.

పోలిక అంటే బొమ్మ. బస్టాండులో మరుగుదొడ్డి తలుపు మీద చీర కట్టుకున్న మనిషి బొమ్మ ఉంటుంది. అక్షరం రాకపోయినా అర్థమవుతుంది. జాడ అంటే, ఒకటి జరిగితే అది వదిలి వెళ్ళే గుర్తు. గుమ్మం ముందు చెప్పులు జాడే. వంటింటి కిటికీలోంచి వచ్చే పోపు వాసన జాడే. ఇక మూడోది ఒప్పందం. గీజరు కుళాయికి ఎర్ర చుక్క ఉంటే వేడినీళ్ళు, నీలం చుక్క ఉంటే చన్నీళ్ళు. నీళ్ళు ఏ రంగులోనూ లేవు. మనం అనుకున్నాం కాబట్టి ఎరుపు వేడి అయింది.

ఈ ఒప్పందం అనేది చాలా లోతైన వ్యవహారం. పూలదండనే తీసుకోండి. పెళ్ళికొడుకు మెడలో ఉంటే అది పెళ్ళి. దేవుడి పటానికి వేస్తే పూజ. అదే దండ గోడ మీద తాతగారి ఫోటోకి వేసి ఉంటే? ఆయన ఇక లేరని. దాని కింద చిన్న ఎర్ర బల్బు కూడా వెలుగుతుంటే, ఇంటికి వచ్చినవాళ్ళు ఇంకేమీ అడగరు. గొంతు కాస్త తగ్గించి, "ఎప్పుడు జరిగిందమ్మా?" అంటారు. బతికున్న మనిషి ఫోటోకి ఎవరైనా తెలియక దండ వేస్తే, ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. దండ మారలేదు. పూలు అవే, దారం అదే. అది ఎక్కడుంది, దేని పక్కన ఉంది, అన్నదాన్ని బట్టి అర్థం మారింది.

కొన్నిసార్లు వస్తువు లేకపోవడమే సంకేతం అవుతుంది. తెల్లవారింది. వీధి పొడుగునా వాకిళ్ళలో ముగ్గులున్నాయి. ఒక్క ఇంటి ముందు మాత్రం లేదు. ఆ వీధిలో వాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. ఆ ఇంట్లో ఎవరో పోయారేమోనని. స్విట్జర్లాండుకు చెందిన ఫెర్డినాండ్ ద సొస్యూర్ అనే భాషాశాస్త్రవేత్త చెప్పింది ఇదే. అర్థం వస్తువులో దాగి ఉండదు, పక్కనున్న వాటితో ఉన్న తేడాలో ఉంటుంది అన్నారాయన. ఆయన పాఠాలు 1916లో, ఆయన పోయిన మూడేళ్ళకు పుస్తకంగా వచ్చాయి. ఆయన మాట్లాడింది భాష గురించి. కానీ అన్ని ముగ్గుల మధ్య ముగ్గు లేని ఆ ఒక్క వాకిలిని చూస్తే, ఆ మాట మనింటికీ వర్తిస్తుందని తెలుస్తుంది.

సరే. ఇప్పుడు పనికొచ్చే సంగతికి వద్దాం. తలుపు దగ్గర మొదలు పెడదాం.

బ్యాంకుకి వెళ్ళండి. గాజు తలుపు ఉంటుంది. తలుపుకి లోపలా బయటా ఒకే రకం హ్యాండిల్. నిలువుగా, మెరుస్తూ, గుప్పిట్లో సరిగ్గా ఇమిడేలా ఉంటుంది. అలాంటిది కనబడితే చెయ్యి ఏం చేస్తుంది? పట్టుకొని లాగుతుంది. కానీ ఆ తలుపు లోపలికి తోస్తేనే తెరుచుకుంటుంది. అందుకని దాని మీద 'పుష్' అని ఒక స్టిక్కరు అంటించారు. వచ్చినవాళ్ళలో చాలామంది లాగుతూనే ఉంటారు. తలుపు దడదడలాడుతుంది. లోపల కూర్చున్న గార్డు విసుక్కుంటాడు. "కనబడట్లేదా? అక్కడ రాసుంది కదా!" అంటాడు. తలుపు లాగుతున్న పల్లెటూరి పెద్దాయన సిగ్గుపడి తల దించుకొని లోపలికి వెళతాడు.

నేను గట్టిగా చెబుతున్నాను. అక్కడ తప్పు ఆ పెద్దాయనది కాదు. తప్పు తలుపుది. హ్యాండిల్ "లాగు" అని చెప్పింది. స్టిక్కరు "తొయ్యి" అని చెప్పింది. చేతికి హ్యాండిల్ మాట ముందు వినబడింది. అంతే. అమెరికాలో డోనాల్డ్ నార్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1988లో రోజువారీ వస్తువుల మీద ఒక పుస్తకం రాశారు. అందులో ఇలాంటి తలుపుల గురించి ఎంతగా రాశారంటే, ఇప్పుడు ప్రపంచమంతటా వీటిని 'నార్మన్ తలుపులు' అనే పిలుస్తున్నారు. బాగు చెయ్యడం కష్టమేమీ కాదు. తోసే వైపు హ్యాండిల్ తీసెయ్యాలి. ఆ చోట నున్నటి స్టీలు పలక ఒకటి బిగించాలి. పలకను ఎవరూ లాగలేరు. పట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి అరచేత్తో తోస్తారు. ఇక స్టిక్కరుతో పనిలేదు. చదువు వచ్చినా రాకపోయినా, తెలుగు వచ్చినా రాకపోయినా, చెయ్యి తనంతట తానే సరైన పని చేస్తుంది.

ఇదే సంగతి మన ఇంట్లో స్విచ్ బోర్డు దగ్గర చూడండి. ఒకే వరుసలో ఎనిమిది స్విచ్చులు. అన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి. ఇంట్లోవాళ్ళకు అలవాటే. చుట్టం వస్తే మాత్రం ఫ్యాను కోసం ముందు లైటు వేస్తారు. తరువాత వరండా లైటు ఆర్పుతారు. ఆ తరువాత టీవీ ఆగిపోతుంది. పాపం, "ఫ్యాను స్విచ్చి ఏదమ్మా?" అని అడగడానికి మొహమాటపడి, ఉక్కపోతలోనే కూర్చుండిపోతారు. ఇల్లు కట్టేటప్పుడే ఎలక్ట్రీషియనుకి ఒక్క మాట చెబితే సరిపోతుంది. గదిలో ఎడమ చివరనున్న లైటుకి ఎడమ చివరి స్విచ్చి. కుడి చివరనున్న దానికి కుడి చివరిది. ఫ్యాను స్విచ్చి ఎప్పుడూ రెగ్యులేటరు పక్కనే. గదిలో ఏ వరుసలో ఉన్నాయో, బోర్డు మీద కూడా అదే వరుస. దీనికి అదనంగా పైసా ఖర్చు లేదు. వైరింగు అయ్యాక మార్చాలంటేనే ఇబ్బంది.

మళ్ళీ అదే మాట. ముందు గది చెబుతుంది, తరువాతే బోర్డు. ఎక్కడైనా గోడ నిండా కాగితాలు అంటించి ఉన్నాయంటే, అక్కడ గది ఏదో తప్పు చెబుతోందని అర్థం.

ఇందాక జాడ అని ఒక మాట అన్నాను. ఇళ్ళు, ఆసుపత్రులు నడిపేవాళ్ళకు ఈ జాడలు చాలా ఉపయోగం. ఆసుపత్రి వరండాలో గోడ చూడండి. నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో వరుసగా జిడ్డు మరకలుంటాయి. అవి తలనూనె మరకలు. అంటే అక్కడ మనుషులు నేల మీద కూర్చొని, తల గోడకు ఆనించి, గంటల తరబడి ఎదురుచూస్తున్నారు. లోపల ఎవరికో ఆపరేషను జరుగుతూ ఉంటుంది. ఆసుపత్రివాళ్ళు ఏటా ఆ గోడకు సున్నం వేయిస్తారు. "గోడకు తల ఆనించరాదు" అని కూడా రాస్తారు. ఆ మరకను నేను మాత్రం ఒక అర్జీగానే చదువుతాను. ఇక్కడ ఒక బెంచీ కావాలని చెబుతోంది ఆ గోడ. వేసి చూడండి. మరక పోతుంది, అక్కడ ఎదురుచూసేవాళ్ళకు నడుము నొప్పీ తగ్గుతుంది.

మెట్ల మూలలు కూడా అంతే. "ఇచ్చట ఉమ్మివేయరాదు" అని ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. దాని కిందే మరకలు. ఎందుకని? ఆ మూల చీకటిగా ఉంది. ఊడ్చి ఎన్నాళ్ళయిందో తెలియదు. అప్పటికే ఎవరో ఉమ్మి ఉన్నారు. ఆ మూల "నేను ఎవరిదాన్నీ కాను" అని చెబుతోంది. అక్షరాలు దాని ముందు నిలవలేవు. కొన్నిచోట్ల ఇందుకని దేవుళ్ళ బొమ్మలున్న టైల్స్ అంటిస్తారు. అన్ని మతాల బొమ్మలూ పెడతారు. అది పనిచేస్తుంది, కాదనను. కానీ దేవుణ్ణి తెచ్చి ఉమ్మికి కాపలా పెట్టడం నాకు నచ్చదు. అక్కడొక మంచి లైటు వెయ్యండి. గోడ కడిగించండి. రోజూ ఊడిపించండి. పక్కన మూత ఉన్న డబ్బా పెట్టండి. వెలుతురున్న శుభ్రమైన మూలలో ఉమ్మడానికి మనిషి వెనకాడతాడు.

ఇప్పటిదాకా చేతికి, కాలికి సంబంధించిన సంగతులు చెప్పాను. ఇక మనసుకు తగిలేవి చెబుతాను. గదులు పని ఎలా చెయ్యాలో మాత్రమే చెప్పవు. నువ్వెవరు, నీ స్థానం ఏమిటి అని కూడా చెబుతాయి.

టికెట్టు కౌంటరు దగ్గరో, బిల్లు కౌంటరు దగ్గరో అద్దం ఉంటుంది. అద్దానికి అడుగున చిన్న కన్నం. డబ్బులు పెట్టాలన్నా, మాట చెప్పాలన్నా ఒంగాలి. లోపలాయన కుర్చీలో కూర్చొని ఉంటాడు. బయట మనిషి నడుము వంచి, మెడ తిప్పి, ఆ కన్నంలోంచి మాట్లాడతాడు. ఎవరూ అతన్ని "దండం పెట్టు" అనలేదు. ఆ అద్దమే పెట్టించింది. కన్నాన్ని నోటి ఎత్తుకు పెంచండి. ఇవతల ఒక స్టూలు వెయ్యండి. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులోకి వస్తాయి. మాట తీరు కూడా మారుతుంది.

డాక్టరు గదిలో రోగికి వేసే స్టూలు వేరు. దానికి వీపు ఉండదు. ఊపిరి వినడానికి వీపు వైపు నుంచి స్టెతస్కోపు పెట్టాలి కాబట్టి అలా చేశారు. అందులో న్యాయం ఉంది. ప్రతి తేడా వెనకా అహంకారమే ఉందనుకోవడం సరికాదు. కానీ ఆఫీసరు కుర్చీ మీద పరిచిన ఆ తెల్ల తువ్వాలు? ఎదురుగా నిలబడ్డ రైతుకు ఆ తువ్వాలు ఏం చెబుతుందో ఒక్కసారి ఆలోచించండి.

బల్ల ఆకారం మీద దేశాలే వాదులాడుకున్న చరిత్ర ఉంది. వియత్నాం యుద్ధం ఆపడానికి పారిస్‌లో చర్చలు తలపెట్టారు. 1968 చివర్లో నాలుగు పక్షాలు రావలసి వచ్చింది. ఒకవైపు అమెరికా, దక్షిణ వియత్నాం ప్రభుత్వం. ఇంకోవైపు ఉత్తర వియత్నాం, దక్షిణాన పోరాడుతున్న విమోచన కూటమి. ఆ కూటమిని సమాన పక్షంగా ఒప్పుకోము అన్నది దక్షిణ వియత్నాం. ఒప్పుకోవలసిందే అన్నది ఉత్తర వియత్నాం. అంతే, బల్ల ఎలా ఉండాలన్న దగ్గర ఆగిపోయారు. నాలుగు వైపుల బల్ల వేస్తే నలుగురూ సమానం. ఎదురెదురుగా రెండు బల్లలు వేస్తే రెండే పక్షాలు. వారాల తరబడి ఇదే వాదన. ఈలోగా యుద్ధం సాగుతూనే ఉంది. మనుషులు చనిపోతూనే ఉన్నారు. చివరికి 1969 జనవరిలో ఒక దారి దొరికింది. మధ్యలో గుండ్రటి బల్ల. దానికి అటూ ఇటూ, కాస్త ఎడంగా, రెండు చిన్న బల్లలు. జెండాలు లేవు. పేర్ల పలకలు లేవు. గుండ్రటి బల్లను చూసి ఒకరు "మేం నలుగురం" అనుకోవచ్చు. పక్క బల్లలు గీసిన హద్దును చూసి ఇంకొకరు "ఉన్నది రెండు పక్షాలే" అనుకోవచ్చు. ఎవరి అర్థం వాళ్ళు చదువుకునేలా ఒక బల్ల కుదిరాకే నలుగురి మధ్యా మాట మొదలైంది. బల్లదేముంది అనేవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతాను.

మన ఊళ్ళలో కూడా ఇలాంటి హద్దులు తక్కువేమీ కాదు. కోస్తా జిల్లాల మండువా లోగిళ్ళు చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. వీధి వైపు అరుగు. అది దాటితే వసారా. ఆపైన మండువా. లోపల వంటిల్లు, దేవుడి గది. వీధి అరుగు దారిన పోయేవాళ్ళదీనూ. ఎండలో వచ్చినవాడు అడక్కుండానే కూర్చోవచ్చు. ఎంత చక్కటి మర్యాద అది! ఇప్పుడు కట్టే ఇళ్ళలో ఆ అరుగు పోయింది, ప్రహరీ వచ్చింది. నాకు అది నిజంగా బాధగానే ఉంటుంది.

కానీ అదే అరుగు కొందరికి హద్దుగా కూడా ఉండేది. కొన్ని కులాలవాళ్ళు దాన్ని దాటి లోపలికి రాకూడదు. అరుగు మీద కూడా కూర్చోకూడదు, వాకిట్లోనే నిలబడాలి. దానికీ బోర్డు లేదు. అందరికీ తెలుసు. మన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అది అమల్లోకి వచ్చింది 1950లో. ఆ తరువాత కూడా ఎన్నో ఏళ్ళు తెలుగు పల్లెల టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. కొందరికి లోపలి గ్లాసు. దళితులకు వేరే గ్లాసు. అది బయట గోడ పక్కన ఉండేది. తాగినవాళ్ళే కడిగి పెట్టాలి. ఒక గ్లాసు, అది పెట్టిన చోటు. ఒక్క అక్షరం రాయకుండా ఒక మనిషిని అంత అవమానించగలిగింది. అది ఒప్పందమే. చెడ్డ ఒప్పందం. మనుషులు చేసుకున్నది కాబట్టి, మనుషులే తెంచాలి.

అది పాత కాలం సంగతి అని ఎవరూ అనకండి. మన అపార్టుమెంట్లలో చూడండి. ఇంటి పని చేసే ఆమెకు వేరే లిఫ్టు. వంటింటి అలమరలో ఆమెకు వేరే గ్లాసు, వేరే పళ్ళెం. సోఫాలు నాలుగున్నా, ఆమె కూర్చునేది నేల మీదే. ఎవరూ నోటితో ఏమీ అనరు. మీ పిల్లలు మాత్రం ఆ గ్లాసును రోజూ చదువుతూ పెరుగుతారు. మీరు బళ్ళో చెప్పించే సమానత్వం పాఠం కంటే ఆ పాఠం బలంగా పనిచేస్తుంది. ఆ గ్లాసు ఇవాళే తీసెయ్యండి.

ఇక చదవలేని వాళ్ళ సంగతి, చూడలేని వాళ్ళ సంగతి.

మెక్సికో నగరంలో 1969లో మెట్రో రైలు మొదలైంది. అప్పటికి ఆ నగరంలో చదువురానివాళ్ళు చాలామంది. లాన్స్ వైమన్ అనే రూపశిల్పి ప్రతి స్టేషనుకీ ఒక బొమ్మ ఇచ్చారు. చపుల్తెపెక్ స్టేషనుకు మిడత. ఇంకో స్టేషను తవ్వకాల్లో పాత కాలపు గుండ్రటి గుడి బయటపడింది. ఆ స్టేషనుకు ఆ గుడి బొమ్మే గుర్తు. చదువురాని అమ్మమ్మ కూడా "మిడత దగ్గర దిగాలి" అని గుర్తు పెట్టుకోగలదు. మన హైదరాబాదు మెట్రోలో రంగులు ఆ పని చేస్తున్నాయి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎరుపు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా నీలం. ఆ రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. "ఎర్ర లైనులో ఎక్కి, అమీర్‌పేటలో నీలం లైనుకి మారు" అని ఇంట్లో చెప్పి పంపితే చాలు. కొన్ని ఆసుపత్రుల్లో నేల మీద రంగు గీతలు వేస్తున్నారు. పసుపు గీత వెంట నడిస్తే రక్తపరీక్ష గది వస్తుంది. ఇది చాలా మంచి పని. ప్రతి పెద్దాసుపత్రిలోనూ జరగాలి.

సినిమా హాళ్ళలో, ఆఫీసుల్లో తలుపు పైన ఒక ఆకుపచ్చ బొమ్మ చూసే ఉంటారు. తలుపులోంచి పరుగెత్తి బయటికి పోతున్న మనిషి. దాని వెనక పెద్ద విషాదం ఉంది. 1972లో జపాన్‌లోని ఒసాకా నగరంలో ఒక పెద్ద దుకాణ భవనం కాలిపోయింది. మంటలు మూడో అంతస్తులో రేగాయి. పొగ ఏడో అంతస్తులోని వినోదశాలకు ఎక్కింది. 118 మంది చనిపోయారు. మరుసటి ఏడు కుమమోతో నగరంలో ఇంకో దుకాణం అంటుకొని మరో వంద మందికి పైగా పోయారు. అప్పటిదాకా జపాన్‌లో అత్యవసర ద్వారాల మీద అక్షరాలే ఉండేవి. పొగలో, కంగారులో, ఎవరు చదువుతారు? ఆ తరువాత యుకియో ఓటా అనే రూపశిల్పి ఆ పరుగెత్తే మనిషి బొమ్మను తీర్చిదిద్దారు. 1980ల్లో అది అంతర్జాతీయ గుర్తు అయింది. ఆ గుర్తు మీ భవనంలో ఉందా? ఉంటే, దాని కింద తలుపుకి తాళం వేసి లేదు కదా? అట్టపెట్టెలు అడ్డం పెట్టలేదు కదా? ఆ తలుపుకి తాళం ఉంటే ఆ బొమ్మ అబద్ధం చెబుతున్నట్టే. ఆ అబద్ధానికి ప్రాణాలు పోతాయి.

ఈ ప్రసంగం వినేవాళ్ళలో చూపు లేనివాళ్ళు కూడా ఉన్నారు. రేడియో మీకు ఎంత దగ్గరి నేస్తమో నాకు తెలుసు. మీకోసం గది అరికాలితో మాట్లాడాలి. జపాన్‌లోనే సెయిచి మియాకే అనే ఆయన, తన స్నేహితుడి చూపు మందగిస్తోందని చూసి, 1965లో ఒక పలక కనిపెట్టారు. 1967 మార్చిలో ఒకయామా నగరంలో, అంధుల పాఠశాల దగ్గర దాన్ని మొదటిసారి నేలలో పరిచారు. ఇప్పుడు మన మెట్రో స్టేషన్లలో, రైల్వే ప్లాట్‌ఫాంల మీద కనిపించే పసుపు పలకలు అవే. వాటి భాష రెండే మాటలు. పొడవాటి గీతలు కాలికి తగిలితే, ముందుకు నడవండి అని. గుండ్రటి బొడిపెలు తగిలితే, ఆగండి, జాగ్రత్త అని. ముందు మెట్లు ఉండొచ్చు, మలుపు ఉండొచ్చు, ప్లాట్‌ఫాం అంచు ఉండొచ్చు. గీతలంటే నడక. బొడిపెలంటే ఆగడం. చూపున్న శ్రోతలు కూడా ఇది గుర్తు పెట్టుకోండి.

ఎందుకంటే చాలాచోట్ల వీటిని అందం కోసం పరిచేస్తున్నారు. గీతలు ఉండాల్సిన చోట బొడిపెలు వేస్తారు. వరుస తీసుకెళ్ళి కరెంటు స్తంభం దగ్గర ఆపుతారు. తప్పు రాసిన బోర్డు కంటే ఇది ప్రమాదం. ఆ మనిషి తన ప్రాణాన్ని అరికాలికి అప్పగించి నడుస్తున్నాడు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం అందరికీ అందుబాటులో ఉండే భవనాలు కట్టాలని చెబుతోంది. టైల్స్ పరిచే ముందు ఆ ఊళ్ళో చూపు లేని ఒక మనిషిని పిలిచి, నడిపించి, అడిగి చూడండి. అంతకు మించిన ఇంజినీరు దొరకడు.

ఆఖరుగా, మీరు వెంటనే చెయ్యగలిగిన పని ఒకటి చెబుతాను. మీరు బడి నడుపుతుండవచ్చు, క్లినిక్కు నడుపుతుండవచ్చు, పంచాయతీ ఆఫీసులో పనిచేస్తుండవచ్చు. మీ చోటుకు ఎప్పుడూ రాని మనిషిని ఒకరిని తీసుకురండి. చదువురాని పెద్దావిడైతే మరీ మంచిది. ఏదో ఒక పని చెప్పండి. "మందుల గది దాకా వెళ్ళిరండి" అనండి. ఆ తరువాత మీరు నోరు విప్పకండి. వెనకే నడుస్తూ చూడండి. ఆవిడ ఎక్కడ ఆగిపోయిందో చూడండి. ఎక్కడ తప్పు మలుపు తిరిగిందో చూడండి. ఏ తలుపు దగ్గర లోపలికి వెళ్ళడానికి భయపడిందో చూడండి. అక్కడ మీరు బోర్డు పెట్టాలనుకుంటారు. పెట్టకండి. ముందు అక్కడి తలుపును, లైటును, కుర్చీని సరిచెయ్యండి. ఆ తరువాత కూడా అవసరమైతే అప్పుడు బోర్డు, అదీ పెద్ద తెలుగు అక్షరాల్లో, పక్కన ఒక బొమ్మతో.

ఇంకొక్క కోరిక. మీ ఊరి స్టేషన్లోనో, బ్యాంకు ముందో, ఆ పసుపు పలకల మీద ఎవరైనా బండి నిలిపి ఉంటే, చూసి వెళ్ళిపోకండి. ఒక్క నిమిషం ఆగి, ఆ బండి పక్కకు తీయించండి.